ఆకులోనూ కండరంలోనూ తిరిగేది ఒకే యంత్రం: కణం ఏటీపీని ఎలా తయారుచేస్తుంది

మొక్కలు కిరణజన్య సంయోగక్రియతో, జంతువులు శ్వాసక్రియతో శక్తిని సంపాదించుకుంటాయని చాలామంది పిల్లలు రాస్తారు. చాలామంది పెద్దలూ అలాగే అనుకుంటారు. ఈ పొరపాటు చిన్నదేమీ కాదు. దీన్ని మనసులో పెట్టుకుని చదివితే ఆ తర్వాత వచ్చే ప్రతి పాఠమూ తప్పుదారి పడుతుంది. మొక్క కణాల్లోనూ మైటోకాండ్రియా, అంటే ఆహారాన్ని ఆక్సిజన్‌తో కాల్చి శక్తి తీసే చిన్న భాగాలు ఉంటాయి. పగలూ రాత్రీ ఆక్సిజన్ తీసుకుంటూ, కార్బన్ డయాక్సైడ్ వదులుతూ పనిచేస్తూనే ఉంటాయి. వేళ్లలో గానీ, మట్టిలో మొలకెత్తుతున్న గింజలో గానీ పత్రహరితం ఉండదు కదా, వాటి బతుకంతా మైటోకాండ్రియా మీదే. మొక్క పగలంతా కూడబెట్టిన కార్బన్‌లో దాదాపు సగం దాని శ్వాసక్రియకే ఖర్చయిపోతుంది.

అసలు విశేషం ఇంకొకటుంది. ఆకులోని హరితరేణువు, మన కండరంలోని మైటోకాండ్రియా ఏటీపీని, అంటే కణం పనులన్నిటికీ ఖర్చయ్యే ఇంధన అణువును తయారుచేసే పద్ధతి ఒక్కటే. ఎలక్ట్రాన్లను ఒక వరసలో నడిపిస్తాయి. ఆ నడకలో దొరికిన శక్తితో ప్రోటాన్లను (హైడ్రోజన్ అయాన్లను) ఒక పొరకు అవతలికి తోస్తాయి. ఆ ప్రోటాన్లు వెనక్కి వచ్చే దారిలో ఒక ఎంజైమును గిర్రున తిప్పుతాయి. ఎలక్ట్రాన్లు ఎక్కడి నుంచి బయలుదేరాయి, ఎక్కడికి చేరాయి అన్న దగ్గరే రెండింటికీ తేడా. ఈ మూడు ముక్కలూ పట్టుబడితే, కణంలో శక్తి తయారీ ఎక్కడ చెడినా కారణం మీరే చెప్పగలుగుతారు.

ముందు ఏటీపీ సంగతి

అడినోసిన్ అణువుకు వరసగా మూడు ఫాస్ఫేట్లు తగిలించి ఉంటే అది ఏటీపీ. చివరి ఫాస్ఫేట్ ఊడితే ఏడీపీ. దీన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుక్కున్నారు. కండరంలో ఏటీపీకి అండగా ఉండే ఫాస్ఫోక్రియాటిన్‌ను ఫిస్కే, సుబ్బారావు అంతకు రెండేళ్ల ముందే 1927లో గుర్తించారు. కణం పనులన్నిటికీ నడిమి ఇంధనం ఏటీపీయే అన్న ఆలోచనను 1941లో ఫ్రిట్జ్ లిప్‌మన్ స్పష్టంగా ముందుకు తెచ్చాడు.

"ఏటీపీ బంధంలో శక్తి దాగి ఉంటుంది, బంధం తెగగానే బయటికొస్తుంది" అని పుస్తకాల్లో రాస్తుంటారు. ఈ వాక్యాన్ని నేను ఒప్పుకోను. ఏ రసాయన బంధాన్నైనా తెంచాలంటే శక్తి పెట్టాలి, తెంచినందుకు శక్తి రాదు. ఏటీపీ నీటితో చర్య జరిపినప్పుడు ఏర్పడే ఏడీపీ, ఫాస్ఫేట్ రెండూ కలిపి మొదటి స్థితికన్నా ఎక్కువ స్థిరంగా ఉంటాయి. పక్కపక్కనే ఉండి ఒకదాన్నొకటి నెట్టుకుంటున్న రుణావేశాలు విడిపోతాయి, విడిపోయిన ఫాస్ఫేట్ చుట్టూ నీటి అణువులు చేరతాయి. ఆ తేడాయే మనకు దక్కే శక్తి. ప్రామాణిక పరిస్థితుల్లో అది మోలుకు 30.5 కిలోజౌల్‌లు. బతికున్న కణంలో మాత్రం 50 కిలోజౌల్‌ల దాకా ఉంటుంది.

అదే అణువుకు కణంలో బలం ఎందుకు పెరిగింది? ఏటీపీ, ఏడీపీ, ఫాస్ఫేట్‌లను వాటి మానాన వదిలేస్తే దాదాపు మొత్తం ఏడీపీగా మారిపోయి సమతాస్థితికి వస్తాయి. కణం అలా జరగనివ్వదు. ఏటీపీ, ఏడీపీల నిష్పత్తిని ఆ సమతాస్థితి నుంచి కోట్ల రెట్లు దూరంగా పట్టి ఉంచుతుంది. మేడ మీది ట్యాంకులో నీళ్లకూ నేల మీది తొట్టిలో నీళ్లకూ నీటిగా తేడా ఏమీ లేదు, ధార వచ్చేది ఎత్తు వల్లనే. ఏటీపీ విషయమూ అంతే. శ్వాస ఆగి ఏటీపీ, ఏడీపీ సమతాస్థితి వైపు జారిపోతే, ఆ కణంలో అణువులన్నీ ఉన్నా పని జరగదు.

ఇంకో సంగతి: ఏటీపీని నిల్వచేసుకోలేం. మన ఒంట్లో ఏ క్షణాన చూసినా ఉండేది గ్రాముల్లోనే. రోజంతా తిరిగి తిరిగి తయారయ్యే మొత్తం లెక్కేస్తే దాదాపు మన ఒంటి బరువంత అవుతుంది. అంటే ప్రతి అణువూ రోజుకు కొన్ని వందలసార్లు ఏడీపీగా మారి మళ్లీ ఏటీపీ అవుతోంది. పూర్తి వేగంతో పరుగెత్తితే కండరంలో ఉన్న ఏటీపీ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. ఫాస్ఫోక్రియాటిన్ మరో పది సెకన్లు ఆదుకుంటుంది. ఆ తర్వాత అప్పటికప్పుడు చేసుకోవాల్సిందే.

గ్లూకోజ్ విరగడం, ఎన్‌ఏడీ ఇరుకు

మొదటి అంచె గ్లైకాలసిస్. కణద్రవ్యంలో జరుగుతుంది. ఆక్సిజన్ అక్కర్లేదు. మొక్కకైనా జంతువుకైనా ఈస్ట్‌కైనా పది మెట్లే. ఒకటో మెట్టులో, మూడో మెట్టులో చెరో ఏటీపీ ఖర్చవుతుంది. ఆరు కార్బన్‌ల చక్కెర మూడేసి కార్బన్‌ల రెండు ముక్కలయ్యాక, ఏడో మెట్టులో రెండు, పదో మెట్టులో రెండు ఏటీపీలు వస్తాయి. నికరంగా మిగిలేది రెండు. చివర్లో రెండు పైరూవేట్‌లు ఉంటాయి.

వేగాన్ని అదుపు చేసేది ముఖ్యంగా మూడో మెట్టు. అక్కడి ఎంజైము ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్‌కు ఏటీపీ ఇంధనమే కాదు, పగ్గం కూడా. ఏటీపీ ఎక్కువైతే అది మందగిస్తుంది, ఏఎంపీ (ఒక్క ఫాస్ఫేటే మిగిలిన రూపం) పెరిగితే చురుకవుతుంది. శక్తి చాలినంత ఉంటే చక్కెర విరగడం దానంతటదే తగ్గుతుంది.

చాలామంది దాటేసే మెట్టు ఆరోది. అక్కడ ఎన్‌ఏడీ అనే వాహకం రెండు ఎలక్ట్రాన్లనూ ఒక ప్రోటాన్‌నూ ఎత్తుకుని ఎన్‌ఏడీహెచ్ అవుతుంది. కణంలో ఎన్‌ఏడీ చాలా కొద్దిగానే ఉంటుంది. ఎత్తుకున్నదాన్ని ఎక్కడో ఒకచోట దించి ఖాళీగా తిరిగి రాకపోతే ఆరో మెట్టు ఆగిపోతుంది, దానితో మొత్తం గ్లైకాలసిస్ ఆగిపోతుంది. ఆక్సిజన్ ఉంటే ఆ బరువు మైటోకాండ్రియాలో దిగుతుంది. లేకపోతే పైరూవేట్ మీదే దించాలి. కండరంలో అలా దించితే లాక్టేట్ వస్తుంది. ఈస్ట్‌లో, నీట మునిగిన వేళ్లలో అయితే పైరూవేట్ నుంచి కార్బన్ డయాక్సైడ్ పోయి, మిగిలిన అసిటాల్డిహైడ్ మీద దించితే ఆల్కహాల్ వస్తుంది. కిణ్వనం అంటే ఇదే. ఈ చివరి మెట్లలో ఒక్క ఏటీపీ కూడా రాదు. ఎన్‌ఏడీని ఖాళీ చేయడమే వాటి పని. ఎర్ర రక్తకణాల్లో మైటోకాండ్రియా ఉండవు, కాబట్టి అవి జీవితాంతం ఈ దారిలోనే నడుస్తాయి.

లాక్టేట్‌ను విషంలా చూడటం మానాలి. వ్యాయామం చేసిన మర్నాడు కండరాలు నొప్పెట్టడానికి అది కారణం కాదు, గంటా గంటన్నరలోనే రక్తంలో మామూలు స్థాయికి వచ్చేస్తుంది. గుండె దాన్ని నేరుగా ఇంధనంగా కాల్చుకుంటుంది. కాలేయం దాన్ని మళ్లీ గ్లూకోజ్‌గా మారుస్తుంది, కాకపోతే కండరం సంపాదించిన రెండు ఏటీపీలకు బదులు కాలేయం ఆరు ఖర్చుపెట్టాలి. అందుకే ఈ దారి కాసేపటికే పనికొస్తుంది.

పైరూవేట్ మైటోకాండ్రియా లోపలికి వెళ్లాక ఒక కార్బన్ పోగొట్టుకుని, ఒక ఎన్‌ఏడీహెచ్‌ను ఇచ్చి అసిటైల్ కోఎంజైమ్-ఏ అవుతుంది. ఈ ఒక్క మెట్టు నడవడానికి థయమిన్, అంటే బీ1 విటమిన్ తప్పనిసరి. రైబోఫ్లేవిన్, నియాసిన్, పాంటోథెనిక్ ఆమ్లం నుంచి వచ్చే సహాయక అణువులూ, లైపోయిక్ ఆమ్లమూ కావాలి. బీ1 కొరతతో వచ్చే బెరిబెరిలో గుండె, నరాలు ముందుగా దెబ్బతినేది ఇందుకే. పైరూవేట్ ముందుకు కదలక లాక్టేట్‌గా పేరుకుపోతుంది. చాలాకాలం పోషణ లేక బీ1 అడుగంటిన మనిషికి బీ1 ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే పరిస్థితి ఇంకా విషమించవచ్చు. దారి మూసుకుపోయిన చోటికి మరింత సరుకు పంపినట్టవుతుంది. ఆర్సెనిక్ విషం కూడా ఇక్కడే దెబ్బ కొడుతుంది, లైపోయిక్ ఆమ్లాన్ని పట్టుకుని కదలనివ్వదు. బీ విటమిన్ మాత్రలు శక్తినిస్తాయనే ప్రచారంలో సగమే నిజం. వాటిలో శక్తి లేదు. కొరత ఉన్నవాళ్లలో ఆగిన మెట్టును నడిపిస్తాయి, కొరత లేనివాళ్లలో అదనపు ఏటీపీ ఏమీ పుట్టించవు.

ఆ అసిటైల్ ముక్క తర్వాత క్రెబ్స్ వలయం అనే చర్యల చక్రంలోకి వెళ్తుంది. దాని గురించి ఎనిమిది మెట్ల పేర్లు బట్టీ పట్టేకన్నా లెక్క గుర్తుంచుకోవడం మేలు. ఒక్కో అసిటైల్ ముక్కకు వలయం ఒకసారి తిరుగుతుంది. మూడు ఎన్‌ఏడీహెచ్, ఒక ఎఫ్‌ఏడీహెచ్2, ఒక జీటీపీ వస్తాయి (ఎఫ్‌ఏడీహెచ్2 ఇంకో ఎలక్ట్రాన్ వాహకం, జీటీపీ ఏటీపీకి సమానమైన అణువు). రెండు కార్బన్ డయాక్సైడ్‌లు పోతాయి. 1937లో హాన్స్ క్రెబ్స్ దీన్ని వివరించాడు, 1953లో లిప్‌మన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఇక్కడ నేరుగా పుట్టిన శక్తి స్వల్పం. అసలు రాబడి ఆ వాహకాలు మోసుకొచ్చిన ఎలక్ట్రాన్లలో ఉంది.

పొర మీద జరిగే పని

మైటోకాండ్రియా లోపలి పొరలో నాలుగు పెద్ద ప్రొటీన్ సముదాయాలు ఉంటాయి. ఎన్‌ఏడీహెచ్ తన రెండు ఎలక్ట్రాన్లను మొదటి సముదాయానికి ఇస్తుంది. అక్కడి నుంచి యుబిక్వినోన్ అనే కొవ్వులో కరిగే చిన్న అణువు వాటిని మూడో సముదాయానికి చేరుస్తుంది. తర్వాత సైటోక్రోమ్-సి వాటిని నాలుగోదానికి తీసుకెళ్తుంది. నాలుగోది వాటిని ఆక్సిజన్‌కు అప్పజెప్పి నీటిని చేస్తుంది. మనం పీల్చే ఆక్సిజన్ దాదాపు అంతా ఈ ఒక్క చోటే ఖర్చవుతుంది. ఎఫ్‌ఏడీహెచ్2 ఎలక్ట్రాన్లు రెండో సముదాయం నుంచి వచ్చి మధ్యలో కలుస్తాయి, మొదటి మజిలీ లాభం వాటికి రాదు.

రెండు ఎలక్ట్రాన్లు నడిచేటప్పుడు మొదటి సముదాయం నాలుగు, మూడోది నాలుగు, నాలుగోది రెండు ప్రోటాన్లను బయటికి తోస్తాయి. రెండోది ఒక్కటీ తోయదు. ఎన్‌ఏడీహెచ్‌కు మొత్తం పది, ఎఫ్‌ఏడీహెచ్2కు ఆరు. ఇలా తోస్తూ పోతే పొర రెండు వైపులా 150 నుంచి 180 మిల్లీవోల్టుల తేడా ఏర్పడుతుంది. వినడానికి చిన్న సంఖ్యే. కానీ పొర మందం 5 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది కాబట్టి, మీటరుకు లెక్కిస్తే మూడు కోట్ల వోల్టులు! పిడుగు పడే ముందు మేఘాల్లో ఉండే విద్యుత్ క్షేత్రం కూడా ఇంత తీవ్రంగా ఉండదు.

ఈ ప్రోటాన్లకు తిరుగు దారి ఏటీపీ సింథేజ్. పొరలో పాతుకున్న భాగంలో సి అనే చిన్న ప్రొటీన్లు ఉంగరంలా పేర్చి ఉంటాయి. ఒక్కో ప్రోటాన్ వచ్చి ఒక్కో ప్రొటీన్ మీద కూర్చుంటే ఉంగరం ఒక్కో అడుగు తిరుగుతుంది. ఉంగరానికి బిగించిన కాడ పైన ఉన్న గుండ్రటి భాగం మధ్యలో తిరుగుతుంది. గుండ్రటి భాగంలో మూడు గదులు. కాడ తిరిగే కొద్దీ ప్రతి గదీ వరసగా మూడు ఆకారాల్లోకి మారుతుంది: ఏడీపీనీ ఫాస్ఫేట్‌నూ వదులుగా పట్టుకునేది, గట్టిగా నొక్కి ఏటీపీ చేసేది, తయారైన ఏటీపీని వదిలేసేది. ఒక పూర్తి చుట్టుకు మూడు ఏటీపీలు. పాల్ బోయర్ ఊహించిన ఈ పద్ధతిని, ఆవు గుండె నుంచి తీసిన ఎంజైము స్ఫటికాలతో జాన్ వాకర్ 1994లో నిర్మాణపరంగా చూపించాడు. ఇద్దరికీ 1997లో నోబెల్ వచ్చింది. అదే ఏడాది జపాన్ శాస్త్రవేత్తలు ఆ కాడకు మెరిసే ఆక్టిన్ పోగు ఒకటి అతికించి, అది తిరగడాన్ని సూక్ష్మదర్శినిలో కళ్లారా చూశారు. జీవశాస్త్రంలో ఇంతకన్నా అందమైన ప్రయోగాలు చాలా తక్కువ.

ఇప్పుడు పాత లెక్క సంగతి. ఒక గ్లూకోజ్‌కు 36 లేదా 38 ఏటీపీలని ఇప్పటికీ రాస్తున్నారు. ఎన్‌ఏడీహెచ్‌కు మూడు, ఎఫ్‌ఏడీహెచ్2కు రెండు అని పూర్ణాంకాలు వేసుకున్న రోజుల నాటి సంఖ్యలవి. ప్రోటాన్లు ఏటీపీ లెక్కకు తగ్గట్టు పూర్ణాంకాల్లో రావాలన్న నియమం లేదు. ఒక ఏటీపీ తయారుకావడానికి దాదాపు మూడు ప్రోటాన్లు, ఫాస్ఫేట్‌ను లోపలికి తెచ్చి ఏటీపీని బయటికి పంపడానికి ఇంకొకటి, వెరసి నాలుగు. కాబట్టి ఎన్‌ఏడీహెచ్‌కు 2.5, ఎఫ్‌ఏడీహెచ్2కు 1.5. పది ఎన్‌ఏడీహెచ్‌లకు 25, రెండు ఎఫ్‌ఏడీహెచ్2లకు 3, గ్లైకాలసిస్‌లో, క్రెబ్స్ వలయంలో నేరుగా వచ్చినవి 4. మొత్తం 32. గ్లైకాలసిస్‌లో పుట్టిన రెండు ఎన్‌ఏడీహెచ్‌లు పొర దాటలేవు, వాటి ఎలక్ట్రాన్లను మాత్రమే లోపలికి చేరవేయాలి. గుండె, కాలేయం వాడే మేలేట్ దారిలో నష్టం లేదు. కొన్ని కండరాలు వాడే గ్లిసరాల్ ఫాస్ఫేట్ దారిలో ఒక్కోదానికి ఒకటి తగ్గి 30 వస్తుంది. పొర సహజంగా కొంత కారుతుంది కాబట్టి నిజంగా దక్కేది దీనికన్నా తక్కువే. పరీక్షలో ఏ సంఖ్య అడిగితే ఆ సంఖ్య రాయండి గానీ, 30 నుంచి 32 అన్నదే నమ్మండి.

ఈ ప్రోటాన్ల సిద్ధాంతాన్ని 1961లో పీటర్ మిచెల్ ప్రతిపాదిస్తే చాలామంది నమ్మలేదు. ఎలక్ట్రాన్ల నడకకూ ఏటీపీకీ మధ్య ఏదో ఒక రసాయనం ఉండితీరాలని ఏళ్ల తరబడి వెతికారు. అది దొరకలేదు. 1966లో ఆండ్రే జాగెన్‌డార్ఫ్ చేసిన ప్రయోగం చూడండి. హరితరేణువుల లోపలి పొర సంచులను చీకట్లో పీహెచ్ 4 ఉన్న ఆమ్లంలో నానబెట్టాడు. ఆ ఆమ్లం సంచుల లోపలికి చేరాక, ఏడీపీ, ఫాస్ఫేట్ ఉన్న పీహెచ్ 8 ద్రవంలోకి ఒక్కసారిగా మార్చాడు. కాంతి లేదు, ఎలక్ట్రాన్ల నడక లేదు. అయినా ఏటీపీ తయారైంది. 1974లో ఎఫ్రైమ్ రాకర్, వాల్తర్ స్టోకెనియస్ ఇంకో అడుగు వేశారు. ఉప్పు నీటి సూక్ష్మజీవి నుంచి కాంతి తగిలితే ప్రోటాన్లను తోసే ప్రొటీన్‌ను, ఆవు గుండె మైటోకాండ్రియా నుంచి ఏటీపీ సింథేజ్‌ను తీసి, రెండింటినీ కృత్రిమ కొవ్వు బుడగల్లో కలిపారు. వెలుతురు పడగానే ఏటీపీ వచ్చింది. ఆ రెండు ప్రొటీన్లకూ ఒకదానితో ఒకటి ఏ చుట్టరికమూ లేదు, మధ్యలో ఉన్నవి ప్రోటాన్లు మాత్రమే. మిచెల్‌కు 1978లో నోబెల్ ఇచ్చారు.

ఆకులో ఇదే కథ వెనక నుంచి

మైటోకాండ్రియాలో ఎలక్ట్రాన్లు ఆహారం నుంచి బయలుదేరి నీటిలో ముగుస్తాయి. హరితరేణువులో నీటి నుంచి బయలుదేరతాయి. నీరు ఎలక్ట్రాన్‌ను అంత తేలిగ్గా వదలదు, అందుకే కాంతి కావాలి. కాంతిని పట్టే ప్రొటీన్ సముదాయాలు రెండు, వాటినే కాంతి వ్యవస్థలంటారు. నడక మొదలయ్యే రెండో కాంతి వ్యవస్థలో నాలుగు మాంగనీస్‌లు, ఒక కాల్షియం ఉన్న చిన్న గుత్తి రెండు నీటి అణువుల నుంచి నాలుగు ఎలక్ట్రాన్లను ఒక్కొక్కటిగా లాగుతుంది. ఒక ఆక్సిజన్ అణువు, నాలుగు ప్రోటాన్లు మిగులుతాయి. ఎలక్ట్రాన్లు ప్లాస్టోక్వినోన్, సైటోక్రోమ్ బీ6ఎఫ్, ప్లాస్టోసయనిన్ మీదుగా మొదటి కాంతి వ్యవస్థకు చేరతాయి. అక్కడ మరోసారి కాంతి తగిలి, చివరకు ఎన్‌ఏడీపీ అనే వాహకం వాటిని ఎత్తుకుని ఎన్‌ఏడీపీహెచ్ అవుతుంది. ఒక ఆక్సిజన్ అణువు రావాలంటే కనీసం ఎనిమిది ఫోటాన్లు పడాలి.

ప్రోటాన్లు ఇక్కడ థైలకాయిడ్ అనే ఆ లోపలి పొర సంచిలో పోగవుతాయి. మైటోకాండ్రియాలో ఒత్తిడి ఎక్కువగా విద్యుత్ రూపంలో ఉంటే, ఇక్కడ ఎక్కువగా పీహెచ్ తేడాగా ఉంటుంది. ఏటీపీ సింథేజ్ అదే యంత్రం. ఉంగరం పరిమాణం మాత్రం వేరు: ఆవు మైటోకాండ్రియాలో సి ప్రొటీన్లు 8, పాలకూర హరితరేణువులో 14. అంటే మూడు ఏటీపీలకు అక్కడ 8 ప్రోటాన్లు, ఇక్కడ 14.

ఈ 14 వల్ల ఒక చిక్కు వస్తుంది. ఒక ఆక్సిజన్ అణువు వచ్చేటప్పటికి సంచిలో 12 ప్రోటాన్లు చేరతాయి. వాటితో దాదాపు 2.6 ఏటీపీలు, వాటితో పాటు 2 ఎన్‌ఏడీపీహెచ్‌లు వస్తాయి. కార్బన్‌ను చక్కెరగా మార్చే కాల్విన్ వలయానికి మాత్రం ఒక్కో కార్బన్ డయాక్సైడ్‌కు 3 ఏటీపీలు, 2 ఎన్‌ఏడీపీహెచ్‌లు కావాలి. ఏటీపీ ఎప్పుడూ కొంచెం తక్కువ పడుతుంది. ఆ లోటు పూడ్చడానికి మొదటి కాంతి వ్యవస్థ కొన్ని ఎలక్ట్రాన్లను ఎన్‌ఏడీపీకి ఇవ్వకుండా మళ్లీ వెనక్కి, ప్లాస్టోక్వినోన్‌కు పంపుతుంది. అవి చుట్టూ తిరుగుతూ ప్రోటాన్లను తోస్తాయి, ఎన్‌ఏడీపీహెచ్ రాదు, ఏటీపీ మాత్రం వస్తుంది. చక్రీయ ఫాస్ఫోరిలేషన్ అని చదివినప్పుడు అదెందుకో చెప్పేవాళ్లు తక్కువ. అదెందుకో ఈ లెక్కే చెబుతుంది.

ఇలా తయారైన ఏటీపీ చాలావరకు హరితరేణువులోనే ఖర్చయిపోతుంది. ఆరు కార్బన్‌ల చక్కెర ఒకటి కట్టాలంటే 18 ఏటీపీలు, 12 ఎన్‌ఏడీపీహెచ్‌లు పోవాలి. పైగా కాల్విన్ వలయంలో కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకోవాల్సిన రుబిస్కో ఎంజైము దానికి బదులు ఆక్సిజన్‌ను పట్టుకుంటూ ఉంటుంది, మామూలు వాతావరణంలో దాదాపు నాలుగింట ఒకసారి. ఆ తప్పును దిద్దుకోవడానికి మళ్లీ ఏటీపీ పోతుంది, కట్టిన కార్బన్‌లో కొంత పోతుంది. వేడి పెరిగితే ఈ నష్టం ఇంకా పెరుగుతుంది.

హరితరేణువు బయటికి పంపేది మూడు కార్బన్‌ల చక్కెర ఫాస్ఫేట్. అది ఊరికే బయటికి రాదు, ఒకటి బయటికి వెళ్లాలంటే ఒక ఫాస్ఫేట్ లోపలికి రావాలి. నేలలో భాస్వరం తక్కువైతే ఈ మారకం కుంటుపడి చక్కెర లోపలే చిక్కుకుని పిండిపదార్థంగా పేరుకుంటుంది, కిరణజన్య సంయోగక్రియ మందగిస్తుంది. బయటికొచ్చినది సుక్రోజ్‌గా మారి పోషక కణజాలం గుండా వేళ్లకు, మొగ్గలకు, పళ్లకు వెళ్తుంది. అక్కడి మైటోకాండ్రియా దాన్ని విరిచి ఏటీపీ చేస్తాయి. ఆకు వేరుకు ఏటీపీని పంపడం లేదు, చక్కెరను పంపుతోంది.

మొక్కకు నీళ్లు ఎక్కువై చచ్చిపోవడం ఇప్పుడు అర్థమవుతుంది. ఆక్సిజన్ గాలిలోకన్నా నీటిలో పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. ఒక లీటరు నీటిలో 25 డిగ్రీల దగ్గర కరిగేది 8 మిల్లీగ్రాములే. మట్టి రంధ్రాలన్నీ నీటితో నిండితే వేళ్లు కిణ్వనానికి దిగుతాయి. గ్లూకోజ్‌కు 30 బదులు 2 ఏటీపీలు. చక్కెర నిల్వ వేగంగా కరిగిపోతుంది, కణద్రవ్యం ఆమ్లంగా మారుతుంది, లవణాలను లోపలికి తోడే పంపులు ఆగుతాయి. నీళ్లలో నిలబడి ఉన్నా ఆకులు వాడిపోతాయి. వాడిన ఆకు చూసి ఇంకా నీళ్లు పోయడం దాన్ని పూర్తిగా చంపడమే. వరి వేళ్లలో గాలి గొట్టాలు ఉంటాయి, పైనుంచి ఆక్సిజన్ కిందికి దిగుతుంది. అందుకే వరి నీళ్లలో నిలబడగలుగుతుంది.

ఒకే ఆకులో రెండూ చూడటం

దీన్ని కళ్లతో చూసే ప్రయోగం ఉంది, పెద్ద పరికరాలు అక్కర్లేదు. 100 మిల్లీలీటర్ల నీటిలో 0.2 గ్రాముల వంటసోడా కలపండి, కార్బన్ డయాక్సైడ్ దాన్నుంచే అందుతుంది. గిన్నెలు కడిగే ద్రవ సబ్బు ఒక చుక్క మాత్రమే వేయండి, నురగ వస్తే ఎక్కువైనట్టే. లేత పాలకూర ఆకు నుంచి ఈనెలు తప్పించి, కాగితానికి రంధ్రాలు చేసే పంచ్‌తో పది బిళ్లలు తీయండి. సూది లేని సిరంజిలో బిళ్లలు వేసి, ద్రావణం కొంత పీల్చి, గాలి బయటికి పంపేయండి. మూతి వేలితో మూసి, పిస్టన్‌ను వెనక్కి లాగి పది సెకన్లు పట్టుకుని వదలండి. ఆకు లోపలి గాలి బయటికొచ్చి, ఆ ఖాళీలో ద్రావణం చేరి బిళ్లలు మునుగుతాయి. రెండు మూడుసార్లు చేస్తే చాలు, ఇంకా లాగితే కణాలు దెబ్బతింటాయి.

బిళ్లలను గ్లాసులో వేసి ప్రకాశవంతమైన దీపం కింద పెట్టండి. కాసేపటికి అంచుల్లో ఆక్సిజన్ బుడగలు చేరి ఒక్కొక్కటీ పైకి తేలతాయి. ఎన్ని నిమిషాల్లో సగం తేలాయో రాసుకోండి. వేడినిచ్చే దీపమైతే మధ్యలో నీళ్ల పాత్ర అడ్డం పెట్టాలి, లేకపోతే మీరు కొలిచేది కాంతి ప్రభావమా వేడి ప్రభావమా తేలదు. పోలిక కోసం వంటసోడా లేని నీటితో ఇంకో గ్లాసు పక్కనే ఉండాలి.

ఇక్కడితో చాలామంది ఆపేస్తారు. ఆపకండి. అన్నీ తేలాక గ్లాసును చీకట్లో పెట్టి, అప్పుడప్పుడు మెల్లగా కదపండి. బిళ్లలు మళ్లీ మునుగుతాయి. లోపలి ఆక్సిజన్‌ను ఆకులోని మైటోకాండ్రియా వాడేసుకోవడం అందుకు పెద్ద కారణం. తేలడంలో కనిపించేది తయారీ నుంచి వాడకం తీసేసిన నికరం, మునగడంలో కనిపించేది ఒట్టి వాడకం. మొక్క రెండూ చేస్తుందనడానికి ఇంతకన్నా సూటి సాక్ష్యం తరగతి గదిలో దొరకదు.

ఎక్కడ చెడుతుంది

సయనైడ్ నాలుగో సముదాయంలోని ఇనుముకు అతుక్కుని ఎలక్ట్రాన్ల దారి చివర మూసేస్తుంది. రక్తంలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా కణం వాడుకోలేదు, అందుకే సిరల రక్తం కూడా ఎర్రగా మెరుస్తుంది. విరుగుడుగా వాడే హైడ్రాక్సోకోబాలమిన్ ఆ సయనైడ్‌ను తాను పట్టుకుని బీ12గా మారిపోతుంది. రోటినోన్ మొదటి సముదాయాన్ని ఆపుతుంది. ఆలిగోమైసిన్ ఏటీపీ సింథేజ్‌లో ప్రోటాన్ దారినే మూస్తుంది. మొక్కల వైపు చూస్తే, అట్రజిన్, డయూరాన్ వంటి కలుపు మందులు రెండో కాంతి వ్యవస్థలో ప్లాస్టోక్వినోన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటాయి. పారాక్వాట్ మొదటి కాంతి వ్యవస్థ నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుని ఆక్సిజన్‌కు ఇచ్చి విషపూరిత రూపాలు పుట్టిస్తుంది. దాని ప్రభావం ఎండలో వేగంగా కనిపించేది అందుకే.

ఆక్సిజన్ అందకపోతే ఇంకో ప్రమాదం. పొర మీద ఒత్తిడి పడిపోతే ఏటీపీ సింథేజ్ వెనక్కి తిరిగి ఉన్న ఏటీపీని ఖర్చుపెట్టడం మొదలుపెడుతుంది. జంతు కణంలో ఐఎఫ్1 అనే చిన్న ప్రొటీన్ అడ్డుపడి ఆ తిరుగుడును ఆపుతుంది. హరితరేణువులో చీకటి పడగానే కాడలోని రెండు గంధకాలు ఒకదానికొకటి బిగుసుకుని యంత్రానికి తాళం పడుతుంది. పొద్దున కాంతి రాగానే ఆ బంధం విడిపోతుంది.

పొర కారితే వచ్చేది వేడి. డైనైట్రోఫినాల్ ప్రోటాన్లను మోసుకుని పొర గుండా నేరుగా దాటుతుంది, సింథేజ్‌తో పనిలేదు. ఎలక్ట్రాన్లు పరుగెడతాయి, ఆహారం కరుగుతుంది, ఏటీపీ రాదు. 1930లలో దీన్ని బరువు తగ్గే మందుగా అమ్మారు, ఒంటి వేడి అదుపు తప్పి మనుషులు చనిపోయారు, 1938లో అమెరికాలో ఆపేశారు. దీనికి విరుగుడు లేదు. ఇప్పటికీ ఆన్‌లైన్‌లో కొని మింగి చనిపోతున్నవాళ్లున్నారు, దయచేసి దాని జోలికి వెళ్లకండి.

అదే కారడాన్ని అదుపులో పెట్టి వాడుకునే కణాలూ ఉన్నాయి. పసిపిల్లల్లో ఉండే గోధుమ రంగు కొవ్వులో యూసీపీ1 అనే ప్రొటీన్ ప్రోటాన్లకు దారి ఇచ్చి ఒంటిని వెచ్చగా ఉంచుతుంది. మొక్కలది వేరే ఉపాయం. వాటి మైటోకాండ్రియాలో ఇంకో ఆక్సిడేజ్ ఉంటుంది, ఎలక్ట్రాన్లను యుబిక్వినోన్ నుంచి నేరుగా ఆక్సిజన్‌కు ఇచ్చేస్తుంది. మూడు, నాలుగు సముదాయాలు పక్కన పడతాయి, ప్రోటాన్లు తక్కువ కదులుతాయి, మిగతా శక్తి వేడిగా పోతుంది. సయనైడ్ దాన్ని ఆపలేదు. తామర పువ్వు విచ్చుకునే రోజుల్లో ఈ దారినే వాడుకుంటుంది. చుట్టూ గాలి 10 డిగ్రీలకు దిగినా పువ్వు లోపల 30 డిగ్రీలకు పైనే ఉంటుంది, చలి పెరిగే కొద్దీ శ్వాస వేగం పెంచి ఆ వేడిని నిలబెట్టుకుంటుంది.